మేక కండ, గొర్రె కొవ్వు

కండ కొవ్వుతో మాట్లాడుతుందని నాకు మొదటిసారి చెప్పిన పెద్దమనిషి నన్ను కూర్చోమని మాత్రం అనలేదు. అది నా ఆసుపత్రి. ఆయన కూర్చున్నది నా కుర్చీ. ఉన్న రెండో కుర్చీలో మా డిప్యూటీ డైరెక్టరు కూర్చున్నారు. నేను మందుల బీరువాకు ఆనుకుని నిలబడి విన్నాను. ఇన్నేళ్ళయినా ఇంకా గుర్తుపెట్టుకున్నావా అని మా ఆయన అడుగుతుంటాడు. గుర్తుపెట్టుకోవడానికి నేనేమీ కష్టపడలేదు. దానంతట అదే ఉంది.

రెండువేల దశకం మధ్యలో సంగతి. నేను భద్రాచలంలో పశువైద్యురాలిని. వచ్చిన పెద్దమనిషి నగరంలో పరిశోధన శాఖకు అధిపతి. మీలో ఇప్పుడు చదువుకుంటున్నవాళ్ళకు ఆయన చెప్పింది పాఠ్యపుస్తకంలోనే దొరుకుతుంది. మాకు అప్పటికి కొత్త. కండ అంటే బరువు లాగేది, కొవ్వు అంటే మిగిలిన తిండి దాచుకునే సంచి. మేం చదువుకున్నది అంతే. ఆయన ఏమన్నారంటే, కండర కణాలు కొన్ని పదార్థాలను బయటికి వదులుతాయి, అవి కొవ్వు కణాలను చేరి ‘దాచుకో’ అనో ‘ఖర్చు పెట్టు’ అనో చెబుతాయి, కొవ్వు కణాలు కూడా తిరిగి కబురు పంపుతాయి.

“చర్ల వైపు అడవి మేకలు చూడండి, ఒంట్లో కొవ్వే ఉండదు. పెనుబల్లి వైపు కోసిన చేలల్లో మేసే మేకలకు బాగా పడుతుంది. తిండీ నడకా తేడా అంటాం. అంతేనా? లేక అడవి మేక కండ తన కొవ్వుకు వేరే మాట చెబుతోందా?” అని అడిగారు. అడిగింది డిప్యూటీ డైరెక్టరును. ఆయన తలూపారు.

నిజం చెప్పాలంటే నాకా ప్రశ్న నచ్చింది. అడిగినాయన నచ్చకపోయినా ప్రశ్న నచ్చవచ్చు.

పని సులువే. మేకను కోసిన వెంటనే తొడ కండ ఒక ముక్క, కొవ్వు ఒక ముక్క వేరువేరు సీసాల్లో ద్రావణంలో వేసి, ఐసు డబ్బాలో పెట్టి బస్సులో నగరానికి పంపాలి. అక్కడ ఆ ముక్కల్లోంచి కణాలను పెంచి, రెండు రకాలనూ ఒకే ద్రవంలో పక్కపక్కన ఉంచి ఏం జరుగుతుందో చూస్తారు. షరతు ఒక్కటే. కండా కొవ్వూ ఒకే మేకవి కావాలి.

“అయితే సార్, కడుపు చీల్చినప్పుడే లోపలి కొవ్వు తీసుకోవడం మంచిది. మేం అక్కడే నిలబడి...” అన్నాను.

“అక్కర్లేదు,” అన్నారు ఆయన. “కొట్లో వేలాడదీశాక తొడ మీద రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. అక్కడే తీయండి. మీరు ఐసు సంగతి చూసుకోండి.”

ఐసు సంగతి చూసుకున్నాను. ఎందుకు చూసుకున్నానో కూడా చెప్పాలి. ఉద్యోగంలో ఉంటూ పీహెచ్‌డీ చేయడానికి సీటు కోసం అప్పటికే రెండుసార్లు దరఖాస్తు పెట్టాను. మొదటిసారి మా డిప్యూటీ డైరెక్టరు, “ఇల్లు గిక్కడ, పిల్లలు గిక్కడ, మీకెందుకు మేడం గా తిప్పలు” అన్నారు. రెండోసారి దరఖాస్తు ఆయన బల్ల మీదే గడువు దాటింది. అది మూడోసారి. ఆ సంవత్సరం దాటితే వయోపరిమితి అడ్డొస్తుంది. సీటు ఉన్నది ఈ సైంటిస్టుగారి శాఖలో.

“సారు పని మంచిగ చేసిపెట్టుండ్రి. మీ సీటు సారు చేతుల్నే ఉంది,” అన్నారు డిప్యూటీ డైరెక్టరు, జీపెక్కుతూ.

మాంసం కొట్టు ఊరి చివర. తాతల నాటి నుంచి భద్రాచలంలో ఉంటున్న కుటుంబం. కొట్టు యజమానిని అందరూ భాయ్ అనేవారు, నేనూ అలాగే అనేదాన్ని. అడవి మేకలూ, పెనుబల్లి నుంచి వచ్చిన మేకలూ, పొట్టేళ్ళూ అన్నీ ఆయన దగ్గరే తెగేవి. కొట్టు వెనక గోనెపట్టా తెర. తెర వెనక కోత. మొదటి రోజు నేను ఆ తెర దగ్గరికి పోతుంటే ఆయన చేతులు అడ్డం పెట్టాడు.

“అరె, డాక్టరమ్మా! లోపలికి రాకుండ్రి. అంత నెత్తురు, గలీజు. గిక్కడ కూసోండ్రి, చాయ్ తాగుండ్రి. నేను తెచ్చి తగిలిస్త గద.”

“భాయ్, నేను రోజూ పశువుల పొట్టలు కోసేదాన్నే.”

“మీ దవాఖానల మీరు కోసుకోండ్రి తల్లీ. నా దుకాణంల ఆడకూతుర్ని నెత్తుట్ల నిలబెట్టిన్నంటే మా అమ్మ నన్ను ఇంట్లకు రానీయదు.”

కొట్లో వేలాడదీసిన తర్వాత తీయమనే సైంటిస్టుగారు చెప్పారు కనక నేనూ పట్టుబట్టలేదు. చాయ్ తాగాను. తొడ వచ్చి కొక్కేనికి వేలాడేది, ఇంకా వెచ్చగా. ఎర్రటి కండ మీద తెల్లటి కొవ్వు పొర. కండ ముక్క తీసి ఒక సీసాలో, కొవ్వు ముక్క తీసి ఇంకో సీసాలో వేసేదాన్ని. లేబుళ్ళు నా చేత్తో నేనే రాసి అంటించేదాన్ని, ఎందుకంటే మా వెటర్నరీ అసిస్టెంటు రాత ఆయనే చదువుకోలేడు. డబ్బా బస్టాండుకు మోయడం ఆయన వంతు. “మేడం, మన చుట్టం బస్సెక్కింది, కిటికీ సీటే ఇప్పిచ్చిన,” అని వచ్చి చెప్పేవాడు.

అలా వానాకాలమంతా పంపాం. గోదావరి పెరిగి బస్సులు ఆగిన రోజు తప్ప ఏ రోజూ ఆగలేదు. నగరం నుంచి మంచి మాటా లేదు, చెడ్డ మాటా లేదు.

తర్వాత ఒకరోజు ఫోను వచ్చింది. నేను ఒక ఎద్దుకు కుట్లు వేస్తున్నాను. అసిస్టెంటు ఫోను నా చెవి దగ్గర పట్టుకున్నాడు.

“డాక్టరుగారూ, మేకకూ గొర్రెకూ తేడా మొదటి సంవత్సరంలోనే చెబుతారనుకుంటా,” అన్నారు సైంటిస్టుగారు.

అడవి మేకల కొవ్వు కణాలు పెనుబల్లి మేకల కొవ్వు కంటే కూడా ఎక్కువ దాచుకుంటున్నాయట. ఇదేమిటని ఒక విద్యార్థి ఆ కణాల క్రోమోజోములు లెక్కపెట్టిందట. మేకకు ఉండాల్సినన్ని లేవు. గొర్రెకు ఉండాల్సినన్ని ఉన్నాయి. కండ మాత్రం మేకదే.

“ఒక జంతువు కండ, ఇంకో జంతువు కొవ్వు. సీసాలు తారుమారు చేశారు. లేదా పక్క కొక్కేనికి ఉన్న గొర్రెను కోశారు. ఏదైనా ఒకటే.”

“సార్, ప్రతి సీసా నేనే...”

“అందుకే మీకు చెబుతున్నా,” అని పెట్టేశారు. ఎద్దు కదిలింది. కుట్టు వంకర పోయింది. మళ్ళీ విప్పి వేశాను.

ఆ సాయంత్రానికే డిప్యూటీ డైరెక్టరు వచ్చారు. “ఏంది మేడం, గిట్ల చేస్తే నా ఇజ్జత్ ఏం గావాలె? వచ్చే వారం సారే వస్తుండు, ఎంక్వయిరీకి. తప్పైందని ఒప్పుకొని దండం పెట్టుండ్రి, అయిపోతది.”

“నేను తప్పు చేయలేదు సార్.”

“చేసినోళ్ళంతా గట్లనే అంటరు.”

మర్నాడు తెల్లవారుతుండగా ముందు నుంచి పోకుండా కొట్టు వెనక సందులోకి పోయాను. గోడ పక్కన నిలబడితే తెర లోపలంతా కనిపిస్తుంది. భాయ్ ముందు ఒక పొట్టేలును కోశాడు. దాని పొట్ట మీది కొవ్వు పొరను, వలలా ఉంటుంది చూడండి, దాన్ని జాగ్రత్తగా ఊడదీసి తొట్టిలో వేశాడు. తర్వాత చర్ల మేకను కోశాడు. తొడ విడదీశాడు. బోసి తొడ, నలుపు తిరిగిన ఎరుపు, మీద కొవ్వన్న మాటే లేదు. తొట్టిలోని పొరను తీసి రెండు మడతలు వేసి ఆ తొడకు చుట్టాడు. తడి అరచేత్తో మెల్లగా తట్టి, కత్తి వెనకవైపుతో రుద్దాడు. మడతల్లో వల కళ్ళు మూసుకుపోయాయి. చల్లగాలికి గట్టిపడేసరికి అది ఆ తొడతోనే పుట్టినట్టు అతుక్కుపోయింది. అంత నేర్పు నేను ఆపరేషన్ బల్ల మీద కూడా చూడలేదు.

“భాయ్!” అన్నాను.

కత్తి కింద పడేశాడు. “యా అల్లా! డాక్టరమ్మా, ఎనక నుంచి ఒస్తరా ఎవరన్నా?”

“ఇదేంటి?”

“ఏంది అంటే... చర్బీ.”

“ఎవరి కొవ్వు?”

“పొట్టేలుది. మా అబ్బాజాన్ జమానా నుంచి గిట్లనే. అడవి మేక తొడ గట్లనే తగిలిస్తే ఎవడు కొంటడమ్మా? బీమార్ మేక అంటరు. తెల్లగ గింత కప్పితే అదే మేకను ఏరి మరీ కొంటరు.”

“నాకిచ్చిన వాటికి కూడా కప్పారా?”

ఆయన ముఖంలో సిగ్గు లేదు. నొచ్చుకోవడం ఉంది. “మీకోసమని ఇంకింత మంచిగ కప్పిన. పట్నం పెద్ద సారుకు పోయేది గద, బోడి తొడ పంపుతమా? మన ఊరి ఇజ్జత్ గద. అయినా మీరు చర్బీ గావాలంటిరి. దానికి లేకపాయె. లేదంటె మీరు పరేషాన్ అయితరని...”

ఈ మనిషిని ఏమని తిట్టాలి? ఆయన నన్ను మోసం చేయలేదు. నాకు మర్యాద చేశాడు. ఆ వ్యవహారం మొత్తంలో నాకు మర్యాద చేసినవాడు ఆయనొక్కడే.

సైంటిస్టుగారు విచారణకు వస్తున్నారని చెప్పాను. భాయ్ రంగు మారింది. “కొట్ల గిరాకీ ముంగట అడుగుతరా? గీ ముచ్చట బయట పడ్డదంటే రేపటి నుంచి నా మొఖం ఎవరు జూస్తరమ్మా? బలిసిన మేక కొంటున్నమని ఎన్నేండ్ల సంది నమ్మిండ్రో!”

మూడు రోజులు ఆలోచించాను. భాయ్ చుట్టాడని చెబితే, పశువైద్యురాలివై ఉండి ఆ మాత్రం కనిపెట్టలేదా అంటారు, సీటు పోతుంది, భాయ్ కొట్టు కూడా పోతుంది. చెప్పకపోతే సీసాలు తారుమారు చేసినదాన్నవుతాను, అప్పుడూ సీటు పోతుంది. నాకు మిగిలింది ఒక్కటే. సైంటిస్టుగారు చెప్పిన పద్ధతి ప్రకారం, ఆయన చేత్తోనే తీయించాలి.

భాయ్ దగ్గరికి పోయి చెప్పాను. “ఆ రోజు మీరు రోజూ చేసేదే చేయండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.”

“సారు కనిపెడితే?”

“కనిపెడితే మీకేం కాకుండా నేను చూస్తా. పోయేది నా సీటే.”

“మీకు కోపమొస్తే గింత చల్లగ ఉంటరా డాక్టరమ్మా,” అన్నాడు ఆయన, కొంచెం భయంగా.

సైంటిస్టుగారు ఉదయాన్నే వచ్చారు, తెల్ల కోటు, చేతి తొడుగులు, తన సొంత కత్తుల పెట్టెతో. డిప్యూటీ డైరెక్టరు వెనకే. కొట్టు ముందు అప్పటికే జనం. కుర్చీలు వేశాడు భాయ్, చాయ్ తెప్పించాడు. సైంటిస్టుగారు తెర వైపు చూశారు, కింద తడి చూశారు, కుర్చీలోనే కూర్చున్నారు.

“సార్, ఈరోజు మీరే తీస్తే మాకు పద్ధతి తెలుస్తుంది,” అన్నాను.

“అందుకే వచ్చాను.”

తొడలు వచ్చి కొక్కేలకు వేలాడాయి. ఆయన లేచి ఒక్కొక్క దాన్నీ చూశారు. బొటనవేలితో కొవ్వును నొక్కారు. భాయ్ చెమట తుడుచుకున్నాడు. నేను సీసాల మూతలు వదులు చేశాను. ఆయన మళ్ళీ నొక్కారు. కళ్ళద్దాలు సర్దుకున్నారు. అందరిలోకీ తెల్లగా, నిండుగా కప్పిన తొడ ముందు ఆగారు.

“ఇది అడవి మేకేనా?”

“చర్ల మేకే సారూ. నిన్న సంతల తెచ్చిన,” అన్నాడు భాయ్. అబద్ధం లేదు అందులో.

“చూశారా,” అని డిప్యూటీ డైరెక్టరు వైపు తిరిగారు సైంటిస్టుగారు. “అడవి మేకకు కూడా ఇలాంటి శాంపిల్ దొరుకుతుంది. ఏరుకోవడం తెలియాలి.” నా వైపు తిరిగి, “కొవ్వు కండకు ఎలా అంటిపెట్టుకుని ఉందో గమనించండి. సహజమైన అమరిక అంటే ఇదీ,” అన్నారు.

“గమనిస్తున్నా సార్.”

ఆయనే కోశారు. ఆయనే సీసాల్లో వేశారు. ఆయనే లేబుల్ రాశారు, సంతకంతో సహా. డబ్బా తన కారులోనే తీసుకుపోయారు. పోతూ, ఎంక్వయిరీ రిపోర్టు కణాలు పెరిగాక రాస్తానన్నారు.

మర్నాడు భాయ్ ఆసుపత్రికి వచ్చి గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. “డాక్టరమ్మా, సారు కోసినంక మిగిలిన తొడ ఉండె గద. పట్నం సైంటిస్ట్ సారు ఏరిన తొడ అని చెప్పిన. ఎగబడి కొన్నరు!”

నా జీవితంలో పడీపడీ నవ్విన రోజులు తక్కువ. అది ఒకటి.

కణాలు పెరగడానికి వారాలు పట్టింది. ఫోను వచ్చినప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది.

“నేను తీసిన శాంపిల్‌లో కూడా గొర్రె కొవ్వే ఉంది.”

“అవునా సార్.”

“మీకు ముందే తెలుసా?”

“తెలుసు సార్.” జరిగిందంతా చెప్పాను, భాయ్ పేరు ఎక్కడా రాయవద్దని కూడా.

“ఆ రోజే ఎందుకు చెప్పలేదు?”

“చెబితే నేను చెప్పినట్టయ్యేది సార్. ఇప్పుడు మీ మైక్రోస్కోపు చెప్పింది.”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. తర్వాత, ఇకమీదట కడుపు చీల్చినప్పుడే లోపలి కొవ్వు తీయాలని ఆదేశం ఇచ్చారు, అది ఆయనకు అప్పుడే తట్టినట్టుగా. రిపోర్టు రాయలేదు. నా మీద వేసిన నింద తొలగినట్టూ రాయలేదు.

మళ్ళీ మొదటి నుంచి పంపాను. ఈసారి తెర దాటి లోపల నిలబడ్డాను. “మా అమ్మకు చెప్పకుండ్రి,” అన్నాడు భాయ్. అడవి మేకలకు మూత్రపిండం చుట్టూ కొంచెం కొవ్వు ఉంటుంది, బొటనవేలంత. అదే తీసేదాన్ని.

చలికాలం అయిపోతుండగా సొంత సెలవు పెట్టి నగరం పోయాను. ఎవరూ పిలవలేదు. క్రోమోజోములు లెక్కపెట్టిన విద్యార్థి నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. కణాల్లోని కొవ్వు ఎర్రగా కనిపించేలా రంగు వేస్తారు. విడిగా పెంచిన అడవి మేక కొవ్వు కణాలు దానిమ్మ గింజలు కుక్కినట్టున్నాయి. అవే కణాలు, అడవి మేక కండ పెరిగిన ద్రవంలో ఉంచితే, కుంకుమ చల్లినట్టు అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క. పెనుబల్లి మేక కొవ్వును ఆ ద్రవంలో ఉంచినా కొంత అలాగే తగ్గింది. ఒక్క ప్రయోగంతో ఏదీ తేలదని ఆ అమ్మాయి జాగ్రత్తగా చెప్పింది. సరే అన్నాను. కానీ నేను చూసింది చూశాను. కండ ఏదో చెప్పింది, కొవ్వు విన్నది.

పీహెచ్‌డీ సీటు ఇంటర్వ్యూ ఆ తర్వాత నెలలో. గదిలో నలుగురు, మధ్యలో అధ్యక్షుడు, ఆయన పక్కన సైంటిస్టుగారు. బయట ఆయన నాతో, “పని బాగా చేశారు, చూద్దాం,” అని కూడా అన్నారు. లోపల ప్రశ్నలు సజావుగానే సాగాయి. నాకు జవాబులు వచ్చు. అధ్యక్షుడు కాగితాలు సర్దుకుంటుండగా సైంటిస్టుగారు చివరి ప్రశ్న వేశారు.

“పరిశోధనలో క్రమశిక్షణ ముఖ్యం. మీ గైడు ఒక సూచన ఇచ్చారు. అది తప్పని మీకు అనిపించింది. అయినా పాటిస్తారా?”

ఆయన ముఖంలో కోపం లేదు. ఆ ప్రశ్న నాకోసం తెరిచిన తలుపు. ‘పాటిస్తాను సార్, ముందు చర్చిస్తాను’ అంటే చాలు. అందరూ అదే అంటారు. నేను వాకిట్లో అదే జవాబు నెమరువేసుకుని వచ్చాను కూడా. మీలో ఎవరైనా ఆ గదిలోకి పోతే అదే చెప్పండి, నా సలహా అదే.

“పాటించాను సార్,” అన్నాను. “ఫలితం గొర్రె కొవ్వు.”

అధ్యక్షుడు తలెత్తారు. “అర్థం కాలేదమ్మా.”

అడిగారు కాబట్టి చెప్పాను. భాయ్ ఎవరో, ఊరేదో చెప్పలేదు. తొడ ఎవరు ఏరారో చెప్పాను. చివర కూర్చున్నాయన నవ్వు ఆపుకోలేక నీళ్ళ గ్లాసు అందుకున్నారు. అధ్యక్షుడు కూడా నవ్వారు. సైంటిస్టుగారు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, “థాంక్యూ, ఇక వెళ్ళొచ్చు,” అన్నారు.

సీటు నాకన్నా చిన్నవాడికి వచ్చింది. మంచి కుర్రాడే. నోరు మూసుకుని ఉంటే నీకే వచ్చేది అని మా ఆయన అంటాడు, మా డిప్యూటీ డైరెక్టరు అన్నారు, భాయ్ కూడా అన్నాడు. ముగ్గురూ కరెక్టే కావచ్చు. నేను రిటైరయ్యేదాకా ఆ అడవి ఊళ్ళ పశువులకే వైద్యం చేశాను.

అయితే ఆ రోజు నేనిచ్చిన జవాబు తప్పని ఆ గదిలో ఎవరూ అనలేదు.